గాయత్రి వదిన కొత్త రేకులు

గిలకలదిండి,
మంగళవారం.

అమ్మా,

నీ కాళ్లకి దణ్ణాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడు ఏడుకొండలూ, పిల్లా బాగున్నాం. నాగాయలంకలో నువ్వూ నాన్నా కూడా బాగున్నారనుకుంటున్నాను. ఫోన్లో అయితే నీకు సగం వినపడదు, మిగతా సగం నాన్న తప్పు చెబుతాడు. అందుకే ఈ ఉత్తరం.

హర్షిణికి జ్వరం తగ్గిందా అనడిగావు. తగ్గింది, నిన్న రొయ్యల వేపుడు గిన్నె ఊడ్చేసింది. నీ మోకాలికి మందు రాసుకుంటున్నావా? రాసుకోవు, నాకు తెలుసు.

కెమెరా ఎలా ఉందన్నావు. అదో పెద్ద కథ. నేను హార్బర్‌లో చేపల వేలంపాటకి వెళ్లినప్పుడు, ఇంటిముందు ఎండబెట్టిన చేపల్ని కుక్కలు లాక్కుపోకుండా ఫోన్లో చూసుకుందామని పెట్టించాం కదా. మర్నాటి నుంచీ పొద్దున్నే చూస్తే అంతా తెల్లటి మెరుపే. చేపా లేదు, కుక్కా లేదు. ఎదురింటి గాయత్రి వదిన అదే వారం ఇంటి మీద కొత్త రేకులు వేయించింది. అవి ఎండకి ధగధగలాడుతుంటే, ఇంకేముంది, తప్పు వాటిదే అనుకున్నాను. "నీ రేకుల షోకు తగలెయ్యా, నా కెమెరా గుడ్డిదైపోయింది" అని వీధిలో అందరి ముందూ అనేశాను. నా నోరు నీకు తెలుసుగా. పదేళ్లుగా నాతో ఒకే ఆటోలో గంపలు వేసుకొచ్చే మనిషి, ఆ రోజు నుంచి నా వైపు చూడలేదు. పన్నెండు రోజులమ్మా! అన్నం సయించలేదు.

నిన్న కెమెరాలు బిగించే కుర్రాడు మార్కు గుడివాడ నుంచి వచ్చాడు. నిచ్చెనెక్కి, అద్దం మీద వేలు రాసి, "అక్కా, ఇదేంటి, ఇంత జిడ్డు?" అన్నాడు.

నీతో చెప్పడానికే సిగ్గేస్తోంది. కొత్త వస్తువు ఇంటికొస్తే పసుపూ కుంకుమా పెట్టకుండా ఉంటామా? బిగించిన రోజే స్టూలెక్కి సరిగ్గా అద్దం నడిమధ్య బొట్టు పెట్టాను. మళ్లీ భయమేసి చెరపబోయి, తలకి కొబ్బరినూనె రాసుకున్న చేతుల్తో మొత్తం పులిమేశాను. ఆ జిడ్డు మీద తూర్పు ఎండ పడితే తెలుపు తప్ప ఏమీ కనపడదట. మార్కు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, ఎండ సూటిగా తగలకుండా కెమెరాని చూరు కిందకి జరిపి, కాస్త వంచాడు.

ఫోన్ చూశాను. బొమ్మ కడిగినట్టు వచ్చింది. అందులో ఎవరు కనపడ్డారనుకున్నావు? గాయత్రి వదినే! కొంగు బిగించి, నిచ్చెన మీద నిలబడి, తన కొత్త రేకుల మీద పాత గోనెపట్టాలు కప్పుతోంది. నా కెమెరాకి మెరుపు తగలకూడదని!

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. "దిగు వదినా! రేకులది కాదు, తప్పంతా నాదే!" అని ఏడుస్తూనే బొట్టు సంగతంతా చెప్పేశాను. విని విని, నిచ్చెన మీదే కూలబడి నవ్వింది.

"పన్నెండు రోజులు నన్ను ఏడిపించింది ఇందుకా! ఎక్కు పైకి, ఇవన్నీ నువ్వే తియ్యి" అంది.

ఎక్కానమ్మా. ఇంత సంతోషంగా ఈ మధ్య ఏ పనీ చెయ్యలేదు.

ఇట్లు,
నోటి దురుసు ఇంకా తగ్గని నీ పెద్దకూతురు,
కనకరత్నం