గట్టు పక్క సాలు

గౌనిపల్లి

అన్నకు నమస్కారాలు. ఫోనులో మాట్లాడితే మా పవిత్ర వింటుందని రాస్తున్నాను.

దాని పరీక్షల కోసం మొక్కుకుని మొన్న తిరుపతి కొండకు వెళ్లాను. ఆ ఒక్కరోజు పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేయమని దానికి అప్పజెప్పాను. పక్కవాళ్లు టమోటాకు మందు కొడితే, గాలికి అది వచ్చి పడే గట్టు పక్క సాలులో ఆకు కోయకూడదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పవిత్రకు తెలియదు. చెప్పాలని నాకు తోచలేదు. దగ్గరగా ఉందని అది ఆ సాలే కోసి వేసింది. రెండురోజుల్లో గూడు కట్టవలసిన పురుగులన్నీ తట్టల్లోనే చచ్చిపోయాయి.

"చదువుకునే బిడ్డను పురుగులింట్లోకి రానీయొద్దమ్మా" అని నువ్వు చెప్పినట్టే పెంచాను. గడప తొక్కనీయలేదు. పురుగుమందుల పాఠంలో కాలేజీలో దానికే ఎక్కువ మార్కులు.

సోమవారం పరీక్ష. రాయనంటోంది. ప్రసాదం కూడా ముట్టలేదు. అన్నా, నువ్వొచ్చి తప్పు మనదని చెప్పు. నా మాట నమ్మడం లేదు.

పొద్దున్నుంచి ఆ సాలులోనే నిలబడి ఒక్కొక్క ఆకూ తుంచి నాకు చూపిస్తోంది.

"అమ్మా, మందు వాసన ఇట్లా ఉండాదా?"

మందు ఎప్పుడో ఆరిపోయింది. ఆ ఆకుకు ఇప్పుడు ఏ వాసనా లేదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

నీ చెల్లెలు