ఓళిగ ఇక ఆకు ముట్టదు

ఏప్రిల్ 6, సోమవారం
ఇవాళ్టి నుంచి మా పిల్లి ఒక్క ఆకు కూడా కొరకదు. కొరకనివ్వను. ఒట్టు!
పిల్లి పేరు ఓళిగ. నెయ్యి రాసిన ఓళిగలాగే, అదే బొబ్బట్టులాగే, పచ్చగా, గుండ్రంగా ఉంటుంది. మా ఆయన గంగాధర్ ఈ బుక్కరాయసముద్రం ఎండల్లో బియ్యం కడిగిన నీళ్లు పోసి మరీ హాల్లో మొక్కలు పెంచుకుంటే, ఇది నమిలి పెడుతోంది. పొద్దున ఆయన తేల్చి చెప్పేశాడు.
"సుష్మా, ఇంగొక్క మొక్క పాడు చేసిందంటే దాన్ని కంబదూరులో మా అక్కోళ్లింట్లో ఇడిసొస్తా."
ఓళిగ లేని ఇల్లా? నా వల్ల కాదు! యూట్యూబ్ చూశాను. ఉపాయాలు బోలెడు.

ఏప్రిల్ 7
పిల్లులకు పుల్లటి వాసన పడదట. కుండీల చుట్టూ చీనీకాయ, అదే బత్తాయి తొక్కలు పేర్చాను. ఓళిగ వచ్చింది, వాసన చూసింది, తుమ్మి వెళ్లిపోయింది. విజయం!
సాయంత్రం: ఆ తొక్కల మీదే పడుకుని నిద్రపోతోంది. పోనీలే, మొక్కలు క్షేమం.

ఏప్రిల్ 9
స్పైడర్ ప్లాంటు ఒక పక్క సగానికి సగం! ఆయన చూడకముందే కత్తెర తీసుకుని రెండో పక్క కూడా సమం చేశాను.
"ఏమి, కురచగా ఉండాది?"
"ఎండాకాలం కదా, కటింగ్ చేసినా."
నమ్మాడు, పాపం.
ఓళిగ గడ్డి తింటుందని వేరే కుండీలో కొర్రలు చల్లాను. అందులో దొడ్డికి కూర్చుంది.

ఏప్రిల్ 11
అత్త రంగంలోకి దిగింది. "పిల్లి కాదమ్మా, దిష్టి. వచ్చినోళ్లంతా మొక్కల మీద కండ్లు పెడతాండారు" అని నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి, పైన వేలాడే ఫెర్న్ కుండీకి కట్టింది. నిమ్మకాయ కూడా పులుపే కదా! అత్తా నేనూ ఒకే మాట మీదికి రావడం పెళ్లయ్యాక ఇదే మొదలు.
మధ్యాహ్నం: పైన ఊగే నిమ్మకాయ. కింద పిల్లి. అత్తకూ నాకూ, ఇద్దరిలో ఒక్కరికైనా ముందే తట్టాలా, వద్దా?
ధడేల్! కుండీ ముక్కలు. ఓళిగ నోట్లో ఫెర్న్.
"చూస్తివా, దిష్టి యంత గట్టిదో!" అంది అత్త.

ఏప్రిల్ 12, ఆదివారం
ఆయన అన్నంత పనీ చేశాడు. ఓళిగను బుట్టలో పెట్టి బండి మీద తీసుకుపోయాడు. నేను వాకిట్లోకి రాలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అన్నం సహించలేదు. అత్త కూడా దాని పాలగిన్నె కడగకుండా అలాగే ఉంచింది.
సాయంత్రం: బండి చప్పుడు! బుట్టలో ఓళిగ! పక్కన ఇంకో నల్ల పిల్లిపిల్ల!
"దోవ పొడుగునా ఒకటే ఏడుపు. ఇడిసి రావడానికి నాకు చేతులు రాలేదు" అన్నాడు నా మొహం చూడకుండా. "ఒంటిగా ఉంటే తోచక కొరుకుతాదంట. తోడుంటే కొరకదని మా అక్క చెప్పినాది."
వదిన ఇంట్లో ఇంకా నాలుగు పిల్లిపిల్లలున్నాయని తర్వాత తెలిసింది.

ఏప్రిల్ 13
కొత్త పద్ధతి. మిగిలిన కుండీలన్నీ బీరువా మీదికి! అంత ఎత్తు ఓళిగ ఎక్కలేదు. నల్లది మరీ చిన్నది.
ఇప్పుడే హాల్లోంచి ఆయన కేక: "సుష్మా! బీరువా మీద నల్లతోక కనపడతాంది!"
సరే. రేపు మంగళవారం, ఏ పనీ మొదలుపెట్టకూడదంటుంది అత్త. బుధవారం నుంచి గట్టిగా!