పసరు మల్లయ్య కన్ను

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ కంట్లో ఆకు పసరు పోసి, చీము పట్టి చూపు పోతే "నీ కర్మ" అనేసిన మల్లయ్య, నిన్న జహీరాబాద్‌లో నేను నర్సుగా చేసే కంటి దవాఖానకు వచ్చాడు. తన శుక్లానికి పసరు పనికిరాదట, ఆపరేషనే కావాలట.

ఆపరేషన్ బల్ల మీద పడుకుని, "బిడ్డా, సామాన్లు మంచిగ ఉడకబెట్టిన్రా? క్రిములుంటే కన్ను పోతదంట, జర చూడు" అన్నాడు.

క్రిముల సంగతి తన కంటి దాకా వచ్చాక తెలిసింది మహానుభావుడికి.

నేను రాయికోడ్ నర్సయ్య బిడ్డనని చెప్పాను. లేవబోయాడు, పడుకోబెట్టాను. నీ కన్నయితే ఎంత జాగ్రత్తగా కడిగేదాన్నో, అంత జాగ్రత్తగానే మందుతో ఆ కన్ను కడిగాను. డాక్టరు శుక్లం తీశారు.

ఈ పొద్దున కట్టు విప్పగానే, "అంత సాఫ్‌గ కనవడ్తుంది" అంటూ కన్ను నలపబోయాడు. చెయ్యి పట్టి ఆపాను.

"నీ చెయ్యి కంటికి తాకనియ్యకు" అన్నాను. "నీ కంటికే కాదు, ఇగ ఎవ్వరి కంటికీ తాకనియ్యకు."