దున్యా దాచిన పొట్టేలు బీజాలను పండుగకు వండించిన సంగతి

ప్రాంతీయ విద్యా పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

నా దస్తూరి బాగుండదు. తప్పులూ ఉంటాయి. ఊరి బడిలో నాలుగు తరగతులు చదివి గొర్రెల వెంట పోయినవాణ్ణి. మన్నించి చదవండి.

విషయం: పశు పరిశోధన సంస్థలో డాక్టరేటు చదువుతున్న దున్యా స్టమెన్కోవిచ్ సీటు రద్దు చేయరాదని, ఆమెకు ఈ శరదృతువులోనే మరల నమూనాలు సేకరించు అవకాశము ఇప్పించవలెనని మనవి.

1. గొర్రెకైనా మనిషికైనా బీజకణం తయారయ్యేటప్పుడు తల్లి ఇచ్చిన క్రోమోజోము, తండ్రి ఇచ్చిన క్రోమోజోము పక్కపక్కన చేరి, మధ్యలో నిచ్చెన మెట్లలాంటివి కట్టుకుంటాయట. ఆ తర్వాతే విడిపోతాయట. ఆ నిచ్చెన ఎలా నిలబడుతుందో చూడడమే దున్యా చదువు. నా మందలో ఒక వంశపు పొట్టేళ్ళకు ఒక వైపు నుంచి వచ్చిన రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటయ్యాయట, రెండో వైపువి విడిగానే ఉన్నాయట. అక్కడ రెండు పొట్టివి, ఒక పొడుగుది కలిసి ఒకే నిచ్చెన కట్టుకోవాలి. అందుకని ఆమె మా కొండకు ఎక్కి వచ్చింది. నాకు అర్థమైనది ఇంతే.

2. ఆమె కోరగా గరోన్యా, వక్లా అను రెండు పొట్టేళ్ళను కోసి ఇచ్చియుంటిని. బీజకణాలు తయారయ్యేది వృషణాల్లోనే కనుక ఆమె వాటి బీజాలను సంచుల్లో పెట్టి సంస్థ ఫ్రీజరులో దాచినది. ఏ సంచి ఏ పొట్టేలుదో తెలియాలని నేనే ఒకదానికి ఎర్ర ఊలు, ఇంకొకదానికి నల్ల ఊలు కట్టాను.

3. మిత్రోవ్‌దాన్ నాడు సంస్థను కాచే పునీతుడి పండుగ. పండుగకు పిలుపులు ఉండవు, వచ్చినవాణ్ణి ఆకలితో పంపకూడదు. ఆ సంగతి తెలిసి పట్నంలో సగం కార్యాలయాలు దిగినవి. నేనూ జున్ను పట్టుకుని వెళ్ళాను, వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నాను. మాంసం అయిపోయింది. కార్యదర్శి రతోమిర్ గారు వంటావిడ పేర్సాను పిలిచి, "పై అంతస్తు ఫ్రీజరులో ఏవో ఉన్నాయి, అవి కాల్చి పెట్టు" అన్నారు. మా వైపు పొట్టేలు బీజాలంటే చెవి కోసుకుంటారని తమకు తెలియనిది కాదు.

4. చెత్త బకెట్టులో ఉల్లిపొట్టు మీద నా ఎర్ర ఊలు కనిపించింది. అప్పుడే దున్యా వచ్చి బకెట్టు చూసింది.

"పేర్సక్కా, ఈ సంచులు ఎక్కడివి?"

"పైనున్నవే. కార్యదర్శి గారు చెప్పారులే. తినవే, చల్లారిపోతాయి."

"అక్కా, అది నా చదువు."

"దీన్లో చదువేముందే పిల్లా? మా ఆయన ఈ చదువు వారం వారం తింటాడు, ఇంకా సంతకం పెట్టడం రాలేదు."

అందరూ నవ్వారు. రతోమిర్ గారు వచ్చి, "అతిథుల ముందు ఏడుపేంటమ్మాయ్? పొట్టేళ్ళకి కరువా? తాత మళ్ళీ తెస్తాడు. ఏం తాతా?" అన్నారు. నేను వంగి బకెట్టులోంచి ఎర్ర ఊలు తీసుకున్నాను. బల్ల చివర గోధుమరంగు కోటాయన గిన్నె చాపి, "వెల్లుల్లి భలే పడింది. ఇంకో రెండు ముక్కలు వెయ్యమ్మా" అన్నాడు.

5. మరుసటి వారము సదరు కార్యదర్శి గారు "పరిశోధకురాలి అశ్రద్ధ వలన నమూనాలు చెడిపోయినవి" అని నివేదిక పంపిరి. నిజం చెబితే పని పోతుందని పేర్సాకు చెప్పిరి. దున్యా సీటు తీసివేయు ప్రతిపాదన ఇప్పుడు తమ బల్ల మీద ఉన్నది.

అయ్యా, నేను మాంసం తినేవాణ్ణే. గొర్రె పేగులు కడిగిన చేతులివి, పురుగు పట్టిన డెక్కలు చెక్కిన చేతులివి. ఎప్పుడూ అసహ్యం వేయలేదు. ఆ నివేదిక సంగతి విన్నప్పుడు మాత్రం వేసింది. తిన్నారు, మూతి తుడుచుకున్నారు, తుడుచుకున్న గుడ్డ ఆ పిల్ల మొహాన వేశారు.

6. ఆ వంశంలో ఈ ఏడాదికి మిగిలిన మగది రుదోన్యా ఒక్కటే. మంద కోసం దాచుకున్నాను. దాన్నీ ఇస్తాను. "వద్దు తాతా, నీకేం మిగులుతుంది?" అని దున్యా అంటోంది. నాకు ఆడగొర్రెలు ఉన్నాయి, ఎప్పటికైనా ఆ రక్తం మళ్ళీ పుడుతుంది. ఆమెకు ఈ సీటు పోతే మళ్ళీ రాదు.

కావున ఆ ప్రతిపాదన కొట్టివేయించి, ఆమె ఫ్రీజరుకు తాళము, ఆ తాళము చెవి ఆమె చేతికి ఇప్పించవలెనని, ఈ ముసలివాడి గోడు చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
వుకాదిన్ చిరిచ్, గొర్రెల కాపరి

తా.క. ఇదంతా నోటితోనే చెబుదామని మొన్న తమ కార్యాలయానికి వచ్చాను. తలుపు తెరిచి ఉంది. మేకుకు గోధుమరంగు కోటు వేలాడుతోంది, దాని కింద తమరు కూర్చుని ఉన్నారు. చూసి, చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. తమరికి తెలియక తిన్నారు, అది తప్పు అనను. ఇప్పుడు తెలిసింది. రుదోన్యాను తోలుకొచ్చే రోజున తమరు వస్తే ఇంటి దగ్గరే భోంచేసి రండి. చలి ముదిరి జతకట్టే కాలం దాటితే పొట్టేలులో ఆమె చూడవలసినది సన్నగిల్లిపోతుందట. జవాబు త్వరగా రాయండి.