రాతి బొమ్మల గదిలో మీ గొంతు

అత్తయ్యకు నమస్కారాలు. ఇక్కడ నేను, నా కుట్టుమిషను, మీరు వదిలివెళ్లిన పిల్లి క్షేమం. అక్కడ మీరూ, మీ అమ్మాయీ అల్లుడూ, మీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగారు. మ్యూజియంలో మీరు ఇన్నేళ్లు కాపలా కాసిన గది ఎలా ఉందని ఒకటి. మీ అబ్బాయి పోయాక ఇంట్లో ఒక్కదానివీ ఎలా ఉంటున్నావని ఇంకొకటి. మొదటిది ముందు చెబుతాను. రెండోదానికి ధైర్యం కూడదీసుకోవాలి. మీరు చివరికి దూకకుండా వరసగా చదవండి.

ఆదివారం వెళ్లాను. రాతి బొమ్మలన్నీ మీరు వదిలినచోటే ఉన్నాయి. ముక్కు విరిగిన ద్వారపాలకుడి మీద కొత్త దీపం పెట్టారు, ముక్కు లేని సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిపోతోంది. నాట్యగత్తె హారాల సందుల్లో దుమ్ము చేరింది, మీరుంటే ఊరుకునేవారు కాదు. మీ కుర్చీ కిటికీ పక్కకు జరిగింది. అందులో ఇప్పుడు కూర్చునేది మీ స్నేహితురాలే, ఇదివరకు నాణేల గది చూసుకున్న ఆవిడ.

నేను ఒంటరిగా వెళ్లలేదు. నా మిషను బాగుచేసే ఆయన తోడొచ్చారు. మనింట్లో వాళ్లం మ్యూజియంలో అడుగుపెడితే చాలు, చేతులు వెనక్కి కట్టేసుకుంటాం. అది మీరు చేసిన అలవాటు. ఆయనకా శిక్షణ లేదు. చేతులు ఊరుకోని మనిషి, అతుకు ఎక్కడుందో చూద్దామని నాట్యగత్తె భుజం తడమబోయారు. “చేతులు వెనక్కి!” అని నా నోట్లోంచి అచ్చం మీ గొంతు వచ్చింది. గదిలో ఉన్నవాళ్లంతా చేతులు వెనక్కి కట్టుకున్నారు. మీ స్నేహితురాలైతే మీరే వచ్చారనుకుని ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.

నన్ను చూసి నవ్వారు. నేను నీళ్లు నములుతూ, ఆవిడ అడక్కుండానే, ఈయన దూరపు బంధువని చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

“ఎవరైతే ఏంలే అమ్మా. మీ అత్తగారు వెళ్లేముందు నాకు చెప్పే వెళ్లింది. నా కోడలు ఎప్పుడైనా ఎవరినన్నా వెంటబెట్టుకుని వస్తే ఆరాలు తియ్యకు, నా కుర్చీ వేసి కూర్చోబెట్టు అంది.”

ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాను అత్తయ్యా. కొడుకు పోయిన దుఃఖంలో ఉండి కూడా నా గురించి అంత ఆలోచించారు. నేనేమో మీకీ మాట ఎలా చెప్పాలా అని నెలల తరబడి నలిగిపోయాను. మీరు మోకాళ్ల వైద్యానికే కూతురి దగ్గరికి వెళ్లారని నమ్మాను. నాకు అడ్డు కాకూడదని వెళ్లారని ఇప్పుడు తెలిసింది. మీ రుణం ఎలా తీర్చుకోను?

ఇక రెండో ప్రశ్న. ఆయనా నేనూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. మంచి మనిషి, నన్ను నవ్విస్తారు. మీ అబ్బాయి గురించి చెప్పమని అడిగి మరీ వింటారు. మిమ్మల్ని అనుమతి అడగడం లేదు, అది ముందే ఇచ్చి వెళ్లారు. రమ్మని అడుగుతున్నాను. నా తరఫున నిలబడటానికి మీరు తప్ప నాకెవరున్నారు? ఆయనకు ఒక్కటే షరతు పెట్టాను, నన్ను చేసుకుంటే నాతోపాటు మా అత్తయ్య కూడా వస్తుందని. మీ మంచం ఏ కిటికీ దగ్గర వెయ్యాలో మిమ్మల్ని అడగమన్నారు.

ఇట్లు,
ఎవరింటికి వెళ్లినా మీ కోడలు