సభ ముందు పెట్టిన కాగితం

మంగళవారం, ఉదయం

నాయనకు,

నీ బిడ్డ గౌతమి దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. గోరంట్లలో అమ్మ, అవ్వ బాగున్నారట. అవ్వ మోకాలి నొప్పి కాస్త తగ్గిందని, విత్తిన శెనక్కాయ సగమే మొలిచిందని అమ్మ ఆదివారం ఫోన్లో చెప్పింది. నువ్వు బాగున్నావని నీ చేత్తో రాసిన ముక్క చూసేదాకా మాత్రం నాకు అన్నం సహించదు. ఎందుకో చెబుతాను. కానీ వరసగా చెప్పనివ్వు నాయనా, మధ్యలో నుంచి మొదలుపెడితే నీకు కోపం ముందు వస్తుంది, విషయం తర్వాత అర్థమవుతుంది.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు. పరీక్షలు నవంబరులో. చెప్పులు ఇంకా తెగలేదు. అన్నం బాగానే తింటున్నాను. చిన్నక్క హాస్టలు వంటింట్లో వంటమనిషిగా ఉన్నన్నాళ్ళు నాకు లోటు లేదు. నువ్వుండే కంబదూరే తన ఊరు కదా, అక్కడి నుంచి నీ ఉత్తరాలు కొంగున ముడేసుకుని తెచ్చినట్టే, నాకోసం సంగటి ముద్ద కూడా దాచి తెస్తుంది.

చదువు మానేసి సభ అంటూ తిరుగుతున్నావా అని దెప్పావు. తిరగడం కాదు నాయనా, దానికీ పద్ధతులున్నాయి. మా విద్యార్థి సభలో ఒక తీర్మానం పెట్టాలంటే మూడు రోజుల ముందు రాసి నోటీసు బోర్డులో అంటించాలి. ప్రతిపాదించేవాళ్ళు ఒకరు, బలపరిచేవాళ్ళు ఒకరు సంతకం చెయ్యాలి. సభలో ప్రతిపాదించిన మనిషి ఐదు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత ఒప్పుకోనివాళ్ళు మాట్లాడాలి. ఎవరైనా సవరణ తెస్తే ముందు దానిమీద చేతులెత్తాలి, ఆ తర్వాతే అసలు తీర్మానం మీద. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు దూరితే అధ్యక్షురాలు పద్మప్రియ గంట కొడుతుంది. గంట కొనివ్వలేదు కాబట్టి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతుంది.

ఆ నిబంధనల్లో ఒకటి నేను పెట్టించిందే. పోయిన ఏడాది ఒక పిల్ల "ఇదిగో జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన కాగితం" అని ఊపుతూ గట్టిగా ఏదో చదివి, గబుక్కున సంచిలో దాచేసింది. తర్వాత పట్టుకుని చూస్తే అది వాళ్ళ అక్క పెళ్ళిపత్రిక. నాకు ఒళ్ళు మండింది. వారం తిరక్కుండా తీర్మానం పెట్టాను: సభలో చదివిన ఏ కాగితమైనా పూర్తిగా సభ ముందు పెట్టాలి, పెట్టిన తర్వాత అది సభదే, వెనక్కి ఇవ్వరు. ఒక్క చెయ్యి కూడా వ్యతిరేకంగా లేవలేదు. ఆ రోజు నా నడక చూస్తే నువ్వు నవ్వేవాడివి.

ఇప్పుడు జాయ్ సంగతి. నా పక్క మంచం పిల్ల, శింగనమల దగ్గర పల్లె వాళ్ళది, నీకు రెండుసార్లు నమస్కారం కూడా రాయించింది. పన్నెండు రోజుల కింద పొద్దున్నే మొహం కడుక్కుంటూ వాంతి చేసుకుని అక్కడే కూలబడింది. మర్నాటికి కళ్ళు పచ్చగా అయ్యాయి. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కామెర్లు ముదిరి కాలేయం దెబ్బతిందన్నారు. ఇంకా అక్కడే ఉంది. ఆ తర్వాత ఇంకో ఆరుగురు పడ్డారు. హాస్టల్లో నీళ్ళు శుద్ధి చేసే మిషను వేసవిలో చెడిపోయింది, ఎవరూ బాగుచేయలేదు. వచ్చే నీళ్ళన్నీ మీ ఓనరు శశికుమార్ ట్యాంకర్లవే.

నేను తీర్మానం రాశాను. ఆ ట్యాంకర్ల నీళ్ళు వెంటనే ఆపాలి, నీళ్ళు ఎక్కడ పడుతున్నారో అధికారులు వచ్చి చూడాలి. ఆసుపత్రికి పోయి జాయ్ చేత బలపరిచినట్టు సంతకం చేయించాను. పడుకునే రాసింది కాబట్టి ఆమె పేరు గీత దాటిపోయింది. మూడు రోజులు నోటీసు బోర్డులో ఉంది. శనివారం మధ్యాహ్నం సభ జరిగింది. నలభై మందిలో ముప్పైనాలుగు చేతులు లేచాయి. తీర్మానం నెగ్గింది నాయనా.

ఎలా నెగ్గిందో రాయాలి. ఇందాకటి నుంచి చుట్టూ తిరుగుతున్నది ఇక్కడికి రాలేకే.

నేను మాట్లాడాక హేమ లేచింది. మంచి పిల్లే, కానీ తూచి తూచి మాట్లాడుతుంది. "జొరాలు ఊర్లల్లో గూడా వస్తాండాయి. నీళ్ళ వల్లనే అని నీకెట్ల తెలుసు? ఆధారమేమన్నా ఉండాదా?" అని అడిగింది. శశికుమార్ కాలేజీ కమిటీలో ఉన్నాడు కదా, ఊరికే నింద వేస్తే మనమీదికే వస్తుందని కూడా అంది. నలుగురు తలలూపారు. నా తీర్మానం కళ్ళముందే జారిపోతోంది. నా సంచిలో నీ ఉత్తరం ఉంది.

తీసి చదివాను.

"పాపా, మీ హాస్టలుకు వచ్చేటివి బోరు నీళ్ళు కావు. బోరు ఎండిపోయి మూడు నెల్లాయె. శశికుమారు చెప్పినాడని నేనే క్వారీ గుంతలో మోటారు దించి ట్యాంకర్లు నింపుతాండా. ఆ గుంతలో ఏమేమి పడి చచ్చినాయో సూసినా. నువ్వు కాంచుకోని తాగు. ఇంగెవురికీ చెప్పొద్దు."

చివరి వరుసలో ఎవరో ఏడ్చారు. నీ పేరున్న చోట బొటనవేలు పెట్టి మూశాను, అంత తెలివి నాకుందిలే అనుకున్నాను. చదవడం అయ్యాక పద్మప్రియ చెయ్యి చాచింది. "కాగితం సభ ముందర పెట్టు గౌతమీ." సంతకం వరకు చింపి ఇస్తానన్నాను. "పూర్తిగా పెట్టాలని రాయించింది నువ్వే గదా," అంది. ఎగతాళికి అనలేదు. అప్పుడైనా నలిపి నోట్లో వేసుకోవాల్సింది. ముప్పై తొమ్మిది మంది నన్నే చూస్తున్నారు, నాకు గెలవాలని ఉంది. పెట్టేశాను.

ఆ తర్వాత హేమ సవరణ తెచ్చింది. ఎదుటివాళ్ళ మాట కూడా వినాలి, కాబట్టి తీర్మానం నకలు, ఆధారంతో సహా, మూడు రోజుల్లో ట్యాంకర్ల వాళ్ళకు అందజేసి సంజాయిషీ అడగాలి. న్యాయంగానే అనిపించింది. సవరణకు నేను కూడా చెయ్యెత్తాను. నా చెయ్యే అందరికంటే ముందు లేచిందేమో కూడా.

ఆ మూడు రోజుల గడువు ఈరోజు సాయంత్రంతో తీరుతుంది.

తిట్టు. కానీ నాకు కూడా నీమీద కోపం ఉంది నాయనా, అది చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధం అవుతుంది. మూడు నెలలు రోజూ నువ్వే స్విచ్చి వేశావు. ఆ నీళ్ళు వచ్చేది నూట అరవై మంది ఆడపిల్లలు ఉన్న చోటికని నీకు తెలుసు. నీ బిడ్డకు ఒక్కదానికి కాచుకోమని రాశావు. నేనేం చేశానో తెలుసా? నీ మాట విన్నాను. ఉత్తరం అందినప్పటి నుంచి జాయ్ పడిపోయేదాకా పది రోజులు, చిన్నక్క దగ్గర కాచిన నీళ్ళు సీసాలో పట్టుకుని తాగాను. పక్క మంచం మీద జాయ్ కుళాయి నీళ్ళు తాగింది. "నాగ్గూడ ఒక గుక్క ఇయ్యి" అని ఒకసారి అడిగింది కూడా. గొంతు నొప్పికి మందు కలిపిన నీళ్ళని అబద్ధం చెప్పాను. ఇస్తే ఎందుకు కాచావని అడుగుతుందని, అడిగితే నీ పని పోతుందని భయం. ఇది సభలో చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నీ ఉత్తరం చదవడం తీర్మానం కోసమే అనుకున్నాను కానీ, ఆ పది రోజులు మోయలేక చదివాను.

శనివారం సాయంత్రం ట్యాంకరు రాలేదు. ఆదివారం వచ్చింది కానీ ఎప్పుడూ వచ్చే వీరేష్ అన్న లేడు. కొత్త మనిషి. పైపు తగిలించి, నీళ్ళు పోసినంతసేపూ కింద నిలబడి మా కిటికీలన్నీ ఒక్కొక్కటే చూశాడు. నిన్న మధ్యాహ్నం ఇద్దరు బండి మీద వచ్చి గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగారట: "కంబదూరు దిక్కు నుంచి ఈడికి ఎవురు వచ్చి పోతాండారప్పా?" చిన్నక్క వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. "నేను ఉత్తరం తెచ్చినట్ల యాడా చెప్పలే గదా పాపా?" చెప్పలేదన్నాను. నేను చెప్పలేదు, నిజమే. కానీ ఆ కాగితం కొంగున ముడేసిన మడతలతోనే సభ ముందు ఉంది.

అందుకే ఇది రాస్తున్నాను. నకలు వాళ్ళకు చేరకముందే ఇది నీకు చేరాలి. చిన్నక్క సెలవు చెప్పి ఈ పూటే బస్సుకు వస్తానంది. చదివిన వెంటనే ఏమీ సర్దుకోకుండా గోరంట్లకు పో. మోటారు దగ్గర చెప్పకు, షెడ్డులో చెప్పకు.

*

ఇంతవరకు రాసి ఆఫీసుకు పోయి వచ్చాను. హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వరు, ఆఫీసు ఫోను ఆదివారం తప్ప ఇవ్వరు కాబట్టి ప్రిన్సిపాల్ మేడమ్‌ను బతిమాలాను. ఈ విషయాలు ఫోన్లో మాట్లాడొద్దని నువ్వు చెప్పావు, నాకు గుర్తుంది. నీ గొంతు ఒక్కసారి విని పెట్టేద్దామనుకున్నాను.

అక్కడ బల్ల మీద పంపిన కాగితాల పుస్తకం తెరిచి ఉంది. నకలు ఈరోజు పోతుందనుకున్నాను నాయనా, నిన్న పొద్దున పది గంటలకే పోయింది. శశికుమార్ మనిషి స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకున్నాడు.

నీ నంబరు కొట్టాను. రెండోసారికి ఎత్తారు. నువ్వు కాదు.

"మీ నాయన ఈడ లేడు పాపా. ఫోను ఈడే పెట్టి పోయినాడు."

"యాడికి పోయినాడు?"

"ఓనరు పిలిస్తే గుంత కాడికి పోయినాడు."

"ఎప్పుడు?"

"నిన్న."

ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. వెనక మోటారు చప్పుడు లేదు. నీకు ఎప్పుడు ఫోన్ చేసినా ఆ చప్పుడు మీద అరుస్తూ మాట్లాడతావు కదా.

"సబలో ఉత్తరం సదివిన పాపవి నువ్వే గదా?" అన్నాడు, చాలా నెమ్మదిగా. "బాగా సదివినావంట. ఇంగోటి ఏమన్నా రాస్తాండావా?"

లేదన్నాను. నా వేళ్ళకు సిరా అంటుకుని ఉంది, అతనికి కనిపిస్తోందేమోనని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

చిన్నక్కను పంపించను. ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు. పదకొండున్నర బస్సుకు నేనే బయలుదేరుతున్నాను. పద్మప్రియ వస్తానంది. విషయం చెప్పేసరికి హేమ ఏడుస్తూ చెప్పులేసుకుంది. మేడమ్ పోలీసులకు ఫోన్ చేస్తున్నారు, వాళ్ళు పేరు, వయసు, ఎప్పటి నుంచి కనిపించడం లేదు అని అడుగుతున్నారు. కనిపించడం లేదని నేను అనలేదు. గుంత దగ్గరికి పోయినాడని మాత్రమే చెప్పాను.

నువ్వు అక్కడే ఉంటావు. ఉండి, మనుషుల మధ్య నాతో మాట్లాడలేకపోతే ఈ కాగితం నీ చేతిలో పెడతాను. ఏమీ అడగకుండా మాతో పాటు బస్సెక్కు. తిట్టాలనుకున్నవన్నీ గోరంట్ల దాకా తిట్టు, అందరి ముందూ తిట్టు, నేను ఒక్క మాట ఎదురు చెప్పను. పోలీసులు మేడమ్‌ను నువ్వు ఏ రంగు చొక్కా వేసుకుంటావని అడుగుతున్నారు. మేడమ్ నన్ను పిలుస్తున్నారు. నాకు తెలియదు నాయనా, నిన్ను చూసి నాలుగు నెలలైంది.

ఇట్లు,
నీ బిడ్డ
గౌతమి