ఎవెన్‌ను కుడిచేతి మీద ఎత్తుకో

రోజెన్ తల్లీ,

మూడు వందల మెడలు సరిచేసిన మీ నాన్న, మనవడి మెడ చూపించడానికి పొద్దున మోర్లే పట్నం దాకా బస్సులో వెళ్లొచ్చాడు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నావని లేపలేదు. ఎవెన్ నీ పక్కనే ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు.

అక్కడ ఎముకలూ కండరాలూ చేత్తో సరిచేసే ఆస్టియోపతి అమ్మాయి వాడి మెడ కింద రెండు వేళ్లు పెట్టి మెల్లగా నిమిరింది, అంతే. "గట్టిగా ఓ తిప్పు తిప్పవేమమ్మా?" అన్నాను. "ఇది పసివాడి మెడ తాతగారూ, సైడర్ సీసా బిరడా కాదు" అంది.

ఎప్పుడూ ఎడమచేతి మీదే ఎత్తుకోవడంవల్ల వాడి మెడ ఒకవైపే పట్టేసిందట. ఆరు వారాలు కుడిచేతి మీదే ఎత్తుకోవాలి. పాలు కూడా అలాగే పట్టు.

నా కుడిచెయ్యి సంగతి ఆమెకు చెప్పలేదు. పడవ తాడు చుట్టుకుని లాగేసినప్పటినుంచి అది చెంచా కూడా ఎత్తదని నీకు తెలుసుగా. మూడు వందల మెడల మాట కూడా వదిలెయ్. ఒక్క దూడ మెడ తిప్పాను, అది బతికినన్నాళ్లూ వెనక్కి చూస్తూనే నడిచింది.

సూప్ పొయ్యి మీద ఉంది. పక్కింటి జోబ్‌తో ఆల్చిప్పలు ఏరడానికి వెళ్తున్నాను. సాయంత్రం దాకా రాను.

ఆల్చిప్పల మాట కల్పించాను. ఇవాళ సముద్రం పోటు మీదుంది, ఇసుకే కనబడదు. రేవు గోడమీద ఒక్కణ్నే కూర్చుంటాను. ఇంట్లో ఉంటే వాడు ఏడుస్తాడు, నేను ఎడమచేతి మీదే ఎత్తేసుకుంటాను.